ఫెడ్ కప్పు ప్లేఆఫ్ పోటీలు

స్త్రీల టెన్నిసులో దేశముల జట్లు తలపడు పోటీలన్నిటిలో మిక్కిలి ప్రతిష్ఠ గలది, నేడు బిల్లీ జీన్ కింగ్ కప్పు అను పేర నడచుచున్న ఫెడరేషన్ కప్పు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య స్వర్ణోత్సవ సంవత్సరమైన 1963లో లండనులోని క్వీన్స్ క్లబ్బున 16 దేశములతో మొదలైన యీ పోటీలో ఎగువ తరగతి, దిగువ తరగతి యను భేదము ఆదిని లేదు. రెండు సింగిల్సు, ఒక డబుల్సు చొప్పున ఒకే నగరమున వారము దినములలో సమాప్తమగు ఆ పోటీలో ఓడిన జట్టునకు మరుసటి యేడు తిరిగి అదే వరుసలో చోటు దొరకుచుండెను గనుక, ఓటమికి తత్కాల దుఃఖమే గాని దూరఫలము లేకుండెను. పాల్గొను దేశములు పెరిగి, అందరికిని ఒక్కచోట కోర్టులు సమకూర్చుట దుస్సాధ్యమైన పిమ్మట, 1992లో ప్రాంతీయార్హత పోటీలు ఏర్పడినవి.

ఆరోహణావరోహణల క్రమము స్థిరపడినది 1995లో. పేరు ఫెడ్ కప్పుగా కుదించబడి, ఆట స్వదేశ పరదేశ వేదికలకు మారి, ఎనిమిదేసి జట్లతో రెండు వరల్డ్ గ్రూపులు వెలసినవి. మొదటి గ్రూపున తొలి యంచెలో ఓడిన నలుగురును రెండవ గ్రూపున గెలిచిన నలుగురితోను, రెండవ గ్రూపున ఓడినవారు మండల పోటీలలో నెగ్గి వచ్చినవారితోను ప్లేఆఫ్ ఆడవలెను. నడుమ కొన్నేండ్లు ఈ విధానము తారుమారైనను, 2005లో మరల నెలకొని 2019 వఱకును సాగెను. ఫిబ్రవరిలో ఓడిన జట్టు ఏప్రిల్‌లో తన స్థానము నిలుపుకొనుటకై ప్రాణము లొడ్డి యాడుచుండగా, ఆ వారాంతపు ఆటలు కప్పు గెలుచుకొను ఆటలకంటె ఉత్కంఠ గలవిగా నుండెడివనుట అతిశయోక్తి గాదు.

పూర్వవైభవము ఎవ్వరిని కాపాడలేదు. అప్పటికి 17 పర్యాయములు కప్పు గెలిచి, 2009, 2010 సంవత్సరములలో వరుసగా ఫైనలు చేరిన అమెరికా, 2011లో తొలుత బెల్జియము చేతను, పిదప స్టుట్‌గార్టునందలి ప్లేఆఫ్‌లో జర్మనీ చేత 5-0 తేడాతోను ఓడి, ప్రప్రథమముగా రెండవ గ్రూపునకు జారినది. మరుసటి యేడు ఖార్కివ్‌లో ఉక్రెయినును గెలిచి గాని పైకి రాలేదు. ఇందుకు విలోమముగా బెలారుసు, 2016లో మాస్కోలో రష్యాను ఓడించి పై గ్రూపున ప్రవేశించి, మరు సంవత్సరమే ఫైనలు ఆడెను.

అన్నిటికంటె విచిత్రమైనది బ్రిటను కథ. 1993 తరువాత పై శ్రేణి ముఖము చూడని ఆ జట్టు 2012లో స్వీడను, 2013లో అర్జెంటీనా, 2017లో రుమేనియా, 2018లో జపాను దేశములకేగి, రెండవ గ్రూపున ప్రవేశమునకైన నాలుగు ప్లేఆఫులలోను పరాజిత యయ్యెను. ఒక్కసారియైనను సొంతగడ్డ లభింపకపోవుట దురదృష్టమేయని చెప్పవలెను. ఎట్టకేలకు 2019 ఏప్రిల్‌లో లండను కాపర్ బాక్సునందు కజకిస్తానును 3-1 తో గెలిచి జోహానా కోంటా బృందము ఆ గడప దాటెను. దాటిన రెండు నెలలకే సమాఖ్య నూతన విధానమును ప్రకటించుటచే, ఇరువదియారేండ్లు కోరి సాధించిన ఆ రెండవ గ్రూపే లేకుండ పోయినది!

నూతన విధానమున ఫైనల్సు ఒకే నగరమునకు జేరినవి. ఆ ఫైనల్సునకు చేర్చు క్వాలిఫయర్సులో ఓడినవారికిని, మండలముల నుండి వచ్చినవారికిని మాత్రము ప్లేఆఫు మిగిలినది. భారతదేశము ఈ మెట్టునకు మొదటిసారి చేరినది 2020 మార్చిలో. దుబాయిలో జరిగిన మండల పోటీలో ద్వితీయస్థానము గడించిన జట్టున హైదరాబాదు సానియా మీర్జా, అంకితా రైనా ప్రముఖులు. తల్లియైన పిదప తిరిగి బరిలో దిగిన సానియాకు ఆ యేటి ఫెడ్ కప్ హార్ట్ పురస్కారము దక్కెను. భారతీయులలో దాని నందినది ఆమెయే మొదలు. మహమ్మారి వలన జాగైన ప్లేఆఫ్ 2021 ఏప్రిల్‌లో లాత్వియాలోని యూర్మలలో జరుగగా, ఒస్టాపెంకో, సెవస్తోవా గల ఆతిథేయ జట్టు 3-1 తో గెలిచెను.

2025లో ప్లేఆఫులు మూడేసి జట్ల ఏడు గ్రూపులుగా మారినవి. పుణేలో జరిగిన మండల పోటీలో హైదరాబాదు యువతి భమిడిపాటి శ్రీవల్లి రష్మిక సింగిల్సున ఒక్క ఆటయు ఓడక జట్టును రెండవ తూరి ఈ మెట్టెక్కించెను. నవంబరులో బెంగుళూరున స్లొవేనియా, నెదర్లాండ్సు జట్లతో ఆడిన ఆ గ్రూపున స్లొవేనియా అగ్రస్థానము గైకొనగా, భారతజట్టు మరల ఆసియా-ఓషియానియా మండలమునకు పోవలసివచ్చెను.