స్వదేశమున నిర్వాసితులు: ఓరుగల్లు అటవీసీమ

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి 2016 వరకు వరంగల్లు జిల్లాలోనివే. స్వదేశమునందే నిరాశ్రయులైన గిరిజనుల గాథ ఈ సీమ చరిత్రలో రెండుమారులు కానవచ్చుచున్నది.

1946 జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పిదప రైతాంగోద్యమము సాయుధ పోరాటముగ మారసాగెను. 1948 సెప్టెంబరు సైనికచర్య తరువాత దళములు అడవులకు తరలినవి. వానికి ఆశ్రయము దొరకకుండుటకై ప్రభుత్వము కోయగూడెములను ఖాళీచేయించి, జనులను శిబిరములకు చేర్చినట్లు పుచ్చలపల్లి సుందరయ్య తన గ్రంథమున వివరించెను.

2005లో ఛత్తీస్‌గఢ్‌నందు సల్వాజుడుం ఆరంభము కాగా, ఇరుపక్షముల నడుమ నలిగిన గొత్తికోయలు ఈ యడవులకు వలసవచ్చిరి. గిరిజన యువకులకు ఆయుధములిచ్చుట రాజ్యాంగవిరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అయినను వలసవచ్చినవారి చిక్కు తీరలేదు. 342వ అధికరణము ననుసరించి షెడ్యూల్డు తెగల పట్టిక రాష్ట్రమున కొక్కటి. సరిహద్దు దాటినవానికి ఆ గుర్తింపు వెంటరాదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము 2005 డిసెంబరు 13కు పూర్వము స్వాధీనమందున్న భూమికే సాగుహక్కు నొసగును. అటుపిమ్మట వచ్చినవారు ఆక్రమణదారులుగ పరిగణింపబడిరి. 2017లో నాటి భూపాలపల్లి జిల్లా తాడ్వాయి మండలము జలగలంచలో అటవీశాఖవారు వారి గుడిసెలను కూల్చివేసిరి.

దేశమున నెచ్చటనైనను నివసించు హక్కును 19వ అధికరణము పౌరుల కొసగినది. భూమిపై నాధారపడిన ఆదివాసులను నిర్వాసనమునుండి కాపాడుట రాజ్యముల ప్రత్యేక బాధ్యతయని 1998 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రములు చెప్పుచున్నవి. తాడ్వాయి సయితము 2019లో ములుగు జిల్లాలో చేరినది. సరిహద్దులు మారుచునే యుండును. గిరిజనుని హక్కు వానితోపాటు మారరాదనియు, అతడెచ్చటికి తరుమబడిన నచ్చటికి వెంటరావలెననియు మేము తలంచుచున్నాము.