గోదారి బురదలో 11,000 ఏళ్ల వానల లెక్క



గోదారికి వరదొస్తే మనమంతా అడిగేది ఒక్కటే, భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులు? 1986 ఆగస్టులో 75.6. 2022 జులైలో 71.3. ఈ అంకెలు మన పెద్దోళ్లకి నోటికొచ్చు. అంతకు ముందు వానలెట్లా ఉండేవి అంటే మాత్రం పుస్తకాల్లో రాజుల పేర్లే కనిపిస్తాయి. మేం హాస్టల్లో కలిసి చదువుకున్న సంగతులు రాస్తున్నాం. కొంచెం పొడుగుంటది, ఓపిగ్గా చదవండి.

వరద మోసుకుపోయే బురద చివరికి బంగాళాఖాతం అడుక్కి చేరి పొరలు పొరలుగా పేరుకుంటది. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ కృష్ణా గోదావరి బేసిన్‌లో సముద్రం అడుగున బోర్లు వేసింది. వాళ్లు వెతికింది గ్యాస్ హైడ్రేట్ల కోసం. కానీ గోదారి కలిసేచోటికి ఎదురుగా తీసిన ఒక మట్టి కడ్డీలో సుమారు 11,000 ఏళ్ల బురద వరుస తప్పకుండా దొరికింది. కమిలో పాంటన్, లివియు జియోసాన్, వాళ్లతో పనిచేసినవాళ్లు దాన్ని పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు.

పరీక్షించింది ఆకుల మైనాన్ని. చామాకు మీద నీళ్లు నిలవకుండా జారిపోతాయి చూడండి, అట్లాంటి సన్నని మైనపు పూత అన్ని ఆకుల మీదా ఉంటది. ఆకు కుళ్లినా అది వేల ఏళ్లు బురదలో మిగులుతది. చెట్లు, వరి గాలిలోని కార్బన్‌ని ఒక రకంగా తీసుకుంటే, జొన్న, మొక్కజొన్న, ఎండనేలల గడ్డి ఇంకో రకంగా తీసుకుంటాయి. గడ్డి రకాల్లో బరువు కార్బన్ కొంచెం ఎక్కువ. కాబట్టి ఏ పొరలో ఏది ఎక్కువుందో కొలిస్తే, ఆ కాలంలో గోదారి పరీవాహకంలో ఏం పెరిగిందో తెలుస్తది. సుమారు 4,000 ఏళ్ల కిందట మొదలై 1,700 ఏళ్ల కిందటి దాకా, ఎండని తట్టుకునే మొక్కలు మెల్లమెల్లగా పెరుగుతూ వచ్చాయి. ఆ తర్వాత కూడా అవే నిలిచిపోయాయి.

వాన ఎందుకు తగ్గింది? అసలు కారణం ఆకాశంలో ఉంది. ఇప్పుడు భూమి సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లో. సుమారు 11,000 ఏళ్ల కిందట మన ఎండాకాలంలో దగ్గరగా వచ్చేది. నేల ఇప్పటికన్నా ఎక్కువ కాగేది, సముద్రం అంత తొందరగా కాగదు, ఆ తేడాకి తడిగాలి ఇంకా బలంగా లోపలికొచ్చేది. 1981లో జాన్ కుట్జ్‌బాక్ కంప్యూటర్ లెక్కతో ఈ మాట చూపించాడు. సహారా ఎడారిలో చెరువులు, నీటిగుర్రాలు ఉన్నదీ ఆ రోజుల్లోనే. తర్వాత ఆ దగ్గరితనం మెల్లగా చలికాలానికి జరిగింది, రుతుపవనం నీరసించింది.

ఇది నిదానంగా జరిగేది. మధ్యలో పెద్ద కుదుపులు సముద్రం నుంచి వచ్చాయి. అట్లాంటిక్‌లో వేడినీళ్లు పైపైన ఉత్తరానికి పోయి, అక్కడ చల్లబడి, ఉప్పు బరువుకి కిందికి మునిగి, లోతులో దక్షిణానికి తిరిగొస్తాయి. మంచు కరిగి మంచినీళ్లు వచ్చి పడితే ఉప్పు పలచబడి నీళ్లు మునగవు. వేడి ఉత్తరానికి చేరదు, వానల పట్టీ దక్షిణానికి జరుగుతది. సుమారు 12,900 నుంచి 11,700 ఏళ్ల కిందటి దాకా అట్లాంటి చలికాలం నడిచింది, మన రుతుపవనం కూడా బలహీనపడింది. ఒమన్ ఎదురుగా అరేబియా సముద్రపు మట్టిలో దొరికే చిన్న చిన్న గుల్లలు ఇదే బంధాన్ని చెప్తాయి. రుతుపవన గాలి గట్టిగా వీస్తే అడుగునీళ్లు పైకొచ్చి ఆ జీవులు పెరుగుతాయి. ఉత్తర అట్లాంటిక్ చల్లబడిన కాలాల్లో అవి తగ్గాయని ఐఐటీ ఖరగ్‌పూర్‌కి చెందిన అనిల్ గుప్తా, ఇంకొందరు 2003లో చూపించారు. ఎక్కడో మంచు కరిగితే ఇక్కడ వాన తగ్గడం మాకు మొదట నమ్మబుద్ధి కాలేదు.

ఇప్పుడు మనకు తగిలే సంగతి. అడవి తరిగిందనే మాట వస్తే వేలు ముందు పోడు వైపే చూపిస్తారు. ఆ బురద మీదే జియోసాన్ వాళ్లు 2017లో మట్టి కోత గురించి రాశారు. గత 4,000 ఏళ్లలో కోత బాగా పెరిగింది, అందులో ఎగువన దక్కన్ నల్లరేగడి నేలల మట్టి వాటా పెరిగింది. ఇంద్రావతి, శబరి తెచ్చే మట్టి వేరే పాత రాళ్లది, గుర్తుపట్టొచ్చు. వాన తగ్గి పచ్చదనం పలచబడటం ఒక కారణం, మైదానాల్లో సేద్యం పెరగడం ఇంకోటి. మన కొండల్లో ఎవరూ చెట్టు కొట్టలేదని బురద చెప్పదు, మేమూ చెప్పట్లేదు. కానీ ఇన్ని వేల ఏళ్ల లెక్కని ఒక్క పోడు ఖాతాలో రాయడం తప్పు.

అదే ఎండుతున్న కాలంలో బళ్లారి దగ్గర సంగనకల్లు లాంటి ఊళ్లలో జనం స్థిరంగా సాగు చేశారు. తిన్నవి అండు కొర్రలు, పెసలు, ఉలవలు. తక్కువ వానకి సరిపోయే పంటలు. వీటిని పేదల తిండని నవ్వేవాళ్లకి ఈ సంగతి చెప్పండి.

ఒక్కటి మాత్రం బురదకి చేతకాదు. అది వందల ఏళ్లని కలిపి చెప్తది, ఏ ఏడు కార్తె తప్పిందో చెప్పలేదు. అది మన తాతలకి, అవ్వలకి తెలుసు. వాళ్లు చెప్పే కరువుల పేర్లు, వరద గుర్తులు ఏ రాయి దాకా వచ్చాయో, మేం ఈ సెలవుల్లో మా ఊళ్లలో రాయడం మొదలుపెట్టాం. మీ ఊళ్లోవి మీరూ రాసిపెట్టండి.