శ్రీహరికోటలో ఒక పరాజయము



పుష్పకవిమానము కథ నెరుగనివారు మన పల్లెలలో లేరు. తలచినంతనే కదలునదియు, ఎందరెక్కినను మరియొకరికి చోటు మిగులునదియునగు ఆ విమానమును గూర్చి పురాణ కాలక్షేపములలో విని మనము పెరిగినాము. భద్రాద్రి రాముని నీడలో బ్రదుకు మనకు ఆ కథ మరింత ప్రియమైనది. కాని మనుష్యుడు తన చేతులతో నిర్మించి యెగురవేసిన వాహనముల చరిత్రము వేరు. అందు తలచినంతనే కదలినది యొక్కటియు లేదు. పడి లేచిన వాహనములే పెక్కు. అట్లు పడిన యొకదానిని గూర్చియు, ఆ దినమున ఒక పెద్దమనిషి ప్రవర్తించిన తీరును గూర్చియు నేడు ముచ్చటింపదలచితిని.

1903వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన అమెరికాలో రైటు సోదరులు తమ యంత్రవిమానమును తొలిసారి యెగురవేసిరి. వారు సైకిళ్ల దుకాణము నడుపుకొనువారు. ఆ మొదటి పయనము 12 సెకండ్లు. సాగిన దూరము 120 అడుగులు. ఆ దినముననే నాలుగవ పయనము ముగిసిన పిమ్మట గాలి విసరుకు ఆ యంత్రము తలక్రిందులై విరిగిపోయెను. సోదరులు మాత్రము విరిగిపోలేదు. అటుపిమ్మట 66 ఏండ్లకు, 1969 జూలై నెలలో, మనుష్యుడు చంద్రునిపై అడుగిడెను.

ఆ 1969లోనే మన దేశమున రాకెట్లను ప్రయోగించుటకు తూర్పుతీరమున ఒక స్థలము నిర్ణయమయ్యెను. అదియే శ్రీహరికోట. నాడది నెల్లూరు జిల్లాలోనిది. 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరినది. పడమట పులికాటు సరస్సు, తూర్పున బంగాళాఖాతము, నడుమ అడవి నిండిన దీవి. ఆ చోటినే యేల యెంచిరన, దానికి రెండు కారణములు ముఖ్యములు. రాకెట్టునుండి విడివడు భాగములు సముద్రమున పడునే గాని జనుల నెత్తిన పడవు, ఇది యొకటి. భూమి పడమటినుండి తూర్పునకు తిరుగుచున్నది గదా. ఆ తావున ఆ వేగము సెకండునకు ఇంచుమించు 450 మీటర్లు. పరుగిడు బండిమీదినుండి ముందునకు విసరిన రాయి యధికదూరము పోవునట్లు, తూర్పుదిక్కున కెగిరిన రాకెట్టునకు భూభ్రమణము కొంత బలము నుచితముగా నొసగును, ఇది రెండవది.

అది నిర్జనమైన అడవి యని కొందరందురు. అది సత్యము కాదు. తరతరములుగా యానాదు లచ్చట నివసించిరి. తేనె, దుంపలు, చేపలు వారి జీవనాధారములు. 1835లో కుంపిణీ ప్రభుత్వము ఆ దీవిని తన యేలుబడిలోనికి దెచ్చుకొనిన పిదప వారు అటవీఫలముల నేరియిచ్చి ధాన్యము పుచ్చుకొనుచుండిరి. రాకెట్టు కేంద్రము వచ్చినపుడు వారు తమ పాతగూడెములను విడువవలసివచ్చెను. బొగ్గుగనులకును, భారజల కర్మాగారమునకును నేల విడిచిన కుటుంబములను మన మణుగూరు ప్రాంతమున మన మెరుగుదుము. కనుక ఆ మాటలోని బరువు మనకు వేరుగ చెప్పనక్కరలేదు.

1971 అక్టోబరు 9వ తేదీన ఆ దీవినుండి తొలి చిన్న రాకెట్టు లేచెను. ఆ సంవత్సరాంతముననే ఈ మహాకార్యమునకు బీజము నాటిన విక్రమ్ సారాభాయి దివంగతుడయ్యెను. 1972లో సతీశ్ ధావన్ అను శాస్త్రవేత్త ఆ భారమును వహించెను. ఉపగ్రహమును కక్ష్యలో నిలుపగల రాకెట్టు నిర్మాణమునకు ఆయన క్రింద అబ్దుల్ కలాము నాయకుడు. దానిపేరు ఎస్.ఎల్.వి.–3. ఎత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు, అంతస్తులు నాలుగు.

1979 ఆగస్టు 10వ తేదీన ప్రయోగము. ముహూర్తము సమీపింపగా గణనయంత్రము ఏదియో లోపమున్నదని హెచ్చరించి ప్రయోగము నాపివేసెను. చెంతనున్న నిపుణులు భయములేదనిరి. సాగింపుడని కలాము ఆజ్ఞాపించెను. ఈ సంగతి నాయనయే తరువాత పలుమారు చెప్పియున్నారు. మొదటి యంతస్తు చక్కగా మండెను. రెండవ యంతస్తులో దారి సరిదిద్దుటకు వలసిన ఆమ్లము ఒక కవాటము సరిగా మూసికొననందున అంతకుముందే కారిపోయియుండెను. చుక్కాని లేని పడవవలె రాకెట్టు దారితప్పి, కొన్ని నిమిషములకే సుమారు 560 కిలోమీటర్ల దూరమున సముద్రమున గూలెను.

పత్రికలవారు గుమిగూడిరి. కోట్ల రూపాయలు కడలిపాలయ్యెనను నింద సిద్ధముగా నుండెను. ఆజ్ఞ యిచ్చినవాడు కలాము. ఉత్తరము చెప్పవలసినవాడు నాతడే యని లోకమనును. కాని ధావన్ తానే సభకు వచ్చి, ఈ పరాజయము తమ సంస్థదనియు, తనవారియందు తనకు నమ్మకము గలదనియు, వారికి తోడ్పడినచో మరుసటియేడు జయింతురనియు పలికెను. శిష్యుని పేరెత్తి వ్రేలు చూపలేదు.

లోపమును వెదకి సవరించిరి. 1980 జూలై 18వ తేదీ యుదయమున అదే జాతి రాకెట్టు 35 కిలోగ్రాముల రోహిణీ ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. ఆ దినమున పత్రికలవారి యెదుటకు నీవే పొమ్మని ధావన్ కలామును పంపి, తాను వెనుక నిలిచెను. అపజయమున ముందు, జయమున వెనుక: నాయకత్వమనగా నిదియే.

నేను చిరకాలము బడిపంతులుగా నుంటిని. పిల్లవాడు లెక్క తప్పినపుడు బెత్తమెత్తినవాడనే గాని, నా బోధనలో కవాట మెచ్చట కారినదో వెదకినవాడను గాను. ఈ వృత్తాంతము వినిన నాడు సిగ్గుపడితిని. చెరువుగట్టు తెగినను, పంట పోయినను, కొడుకు పరీక్ష తప్పినను, తప్పెవరిదని కేకవేయుట తేలిక. తప్పెచ్చటిదని వెదకుట కష్టము. ఆ నడుమ నిందను మోయుట మరింత కష్టము. ఊరిపెద్ద యనిపించుకొనువానికి ఆ బరువే కిరీటము.

ఆ విత్తనము వృథపోలేదు. శ్రీహరికోటనుండియే బయలుదేరిన చంద్రయానము యొక్క దిగుడునౌక 2019 సెప్టెంబరు 7వ తేదీన చంద్రునిపై దిగబోయి కూలెను. దోషములను దిద్దుకొని 2023 ఆగస్టు 23వ తేదీన మరియొక నౌక చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున సుఖముగా దిగెను.

ధావన్ 2002 జనవరిలో పరమపదించెను. ఆ యేడే శ్రీహరికోట కేంద్రమునకు ఆయన పేరిడిరి. నింద మోసినవానికి అది తగిన ఋణము తీర్చుటయే. కాని ఆకాశమున కెగురు ప్రతి వాహనమును ముందు నేలమీద నిలువవలెను. ఆ నేల విడిచిన యానాదుల ఋణ మింకను మిగిలియున్నది. మీ మనుమలకు రాకెట్టు కథ చెప్పునపుడు వారి మాటయు చెప్పుడని వేడుచు విరమించుచున్నాను.