రాఘవాపురం వెంకయ్య ప్రార్థన

మన ప్రాంతపు సంఘ చరిత్ర వ్రాయబూనినవారు సాధారణముగా బందరుతో మొదలుపెడతారు. అది న్యాయమే. 1841లో చర్చి మిషనరీ సొసైటీవారు పంపగా రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అను ఇద్దరు యువకులు తెలుగువారి మధ్యకు వచ్చారు. ఫాక్స్ గారు 1848లో చిన్న వయస్సులోనే కన్నుమూశారు. నోబుల్ గారు 1843లో పాఠశాల తెరచి, మరల స్వదేశమునకు వెళ్లకుండా 1865లో బందరులోనే ప్రభువునందు నిద్రించారు. అంతకు ముందటి సంవత్సరమే, 1864 నవంబరు 1వ తేదీ రాత్రి, ఉప్పెన బందరును ముంచి వేలాదిమందిని పొట్టన పెట్టుకున్నది.

అంతటి త్యాగమూర్తి బడిలో మాల మాదిగ పిల్లలకు చోటు లేదు. ఈ మాట దాచుట నాకిష్టము లేదు. పైకులముల వారు ముందు నమ్మితే తక్కినవారు వెనుక వస్తారని ఆయన తలంపు. 1852లో విద్యార్థులు ఇద్దరు బాప్తిస్మము పొందగానే ఊరిలో అల్లరి చెలరేగి బడి ఖాళీ అయినది.

సువార్త నిజముగా వేళ్లూనినది మరొక చోట, ఎవరూ ఎదురుచూడని మనిషిలో. ఆయన నాటి కృష్ణా జిల్లా రాఘవాపురం మాలపల్లికి చెందిన పగోలు వెంకయ్య. యౌవనములో దోపిడీ ముఠాకు నాయకుడని ఆయనకు పేరు. విగ్రహములు వట్టివని ఎవరో అనగా విన్నాడు. ఆ మాట మనసున నాటుకొని పూజలు మానివేశాడు. మరి ఎవరికి మొక్కాలి? చెప్పేవారు లేరు. మిషనరీ లేడు, గ్రంథము లేదు, పాట లేదు. నీవెవరవో, ఎక్కడున్నావో నాకు కనబరచుమని పేరు తెలియని దేవునికే మొరపెట్టుకున్నాడు. కొన్ని దినములు కాదు, సంవత్సరముల తరబడి. ముందు బాప్తిస్మము, తరువాత ప్రార్థన నేర్చుకొనుట మనకు అలవాటు. వెంకయ్య విషయములో వరుస తారుమారైనది.

బెజవాడలో కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తి అయినది. కొంతకాలమునకు టి. వై. డార్లింగ్ అను మిషనరీ అక్కడ కాపురమున్నారు. కృష్ణా స్నానములకు జనము కూడిన సమయములో వెంకయ్య తన ప్రశ్నను ఒక బ్రాహ్మణుని అడుగగా, ఆయనే దొరగారి బంగళా చూపించాడని మన పెద్దలు చెప్పేవారు. వెంకయ్య అక్కడికి ఒంటరిగా వెళ్లలేదు, తనవారిని వెంటబెట్టుకొని వెళ్లాడు. ఆయన ప్రేమ ఎట్టిదో ఈ ఒక్క సంగతి చాలును. తన ఆకలి తీరితే చాలుననుకోలేదు. 1859లో ఆయన బాప్తిస్మము పొందాడు. 1891లో చనిపోయేవరకు పల్లెపల్లెకు నడచి బంధువులకు, పూర్వపు సావాసగాండ్రకు క్రీస్తును గూర్చి చెబుతూనే ఉన్నాడు. ఆ వార్త చుట్టరికముల వెంట మాలపల్లెలకు ప్రాకినది. కృష్ణా మండలములో మన సంఘములనేకము ఆ మార్గమున పుట్టినవే. అయినను పాఠశాలకు, కళాశాలకు నోబుల్ గారి పేరు నిలిచినంతగా వెంకయ్య పేరు మన పిల్లల నోట నిలువలేదు.

1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారి పాలన క్రిందికి కాలక్రమమున మన కృష్ణా సంఘములు కూడా చేరాయి. బాప్తిస్మము పొందిన ప్రతివారి చేయి వారి తలమీదనే పెట్టించి, సువార్త ప్రకటింపకున్న తమకు శ్రమ అని వారిచేతనే పలికించుట ఆయన ఆచారము. రాఘవాపురం వెంకయ్యకు ఆ మాట ఎవరూ చెప్పించలేదు.