సెంట్రల్ లాకింగు: కారు తలుపుల వైరింగులో దోషాన్వేషణము

కారునకు గల తలుపుల నన్నిటిని ఒక్క తాళపుచెవిని త్రిప్పుటచేతనో, రిమోటు మీట నొక్కుటచేతనో ఏకకాలమున బంధించి విడిపించు విద్యుత్ సాధన సముదాయమునకు సెంట్రల్ లాకింగు అని పేరు. అమెరికాలో ప్యాకార్డు కంపెనీ 1956లో విద్యుత్తుతో పనిచేయు తలుపు తాళములను ప్రవేశపెట్టెను. మెర్సిడెస్ బెంజ్ కార్లలో కొంతకాలము మోటరునకు బదులుగా శూన్యపీడనముతో నడచు తాళము లుండెడివి. మన దేశమున 1983 డిసెంబరులో మారుతి 800 వెలువడిన నాడు ఏ తలుపు తాళము నా తలుపు నొద్దనే చేతితో వేయుట వాడుక; పిమ్మట బజారులో దొరకు కిట్లను దెచ్చి కార్లకు బిగించు పని ఎలక్ట్రీషియన్లకు నిత్యకృత్య మయ్యెను. అట్లు బిగించిన తీగలు కంపెనీవారి వైరింగు పటములో కానరావు గనుక, పాత కారులో దోషమును వెదకువాడు మొదట తన యెదుట నున్నది కంపెనీ వైరింగో, బయటి కిట్టో తెలిసికొనవలెను.

సికింద్రాబాదునుండి కరీంనగరమునకు బోవు రాజీవ్ రహదారిపై, హకీంపేటకును శామీర్‌పేటకును నడుమ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో నున్న తూంకుంట వంటి చోట్ల ఈ వైరింగునకు శత్రువులు మూడు: 40 డిగ్రీలను మించు వేసవి యెండ, రహదారి దుమ్ము, జూన్ మొదలు సెప్టెంబరు వరకు కురియు నైఋతి ఋతుపవన వర్షము. ఎండకు తలుపు కీళ్లనడుమ తీగలను గొనిపోవు రబ్బరు గొట్టము గట్టిపడి పగులును. అద్దము వెంట జారిన వాననీరు తలుపులోనికి దిగుట సహజమే యైనను, అడుగున నున్న రంధ్రములు దుమ్ముతో పూడినప్పు డది బయటికి పోలేక తీగలను కలుపు కప్లరు పిన్నులకు చిలుము పట్టించును. వేసవి యంతయు దాగియున్న లోపము తొలకరి వానలలో బయటపడుట కిదియే హేతువు.

దోషము నెరుగుటకు ముందు ప్రవాహమార్గము నెరుగవలెను. ప్రతి తలుపులోను ముందుకును వెనుకకును తిరుగగల చిన్న డి.సి. మోటరు ఒకటి యుండును. బజారు కిట్లలో దానికి రెండు తీగలు, సాధారణముగా ఆకుపచ్చ, నీలము. డ్రైవరు తలుపు మోటరునకు మాత్రము తాళపు కదలికను కంట్రోలు పెట్టెకు తెలుపుటకై తెలుపు, గోధుమ, నలుపు తీగలు మూడు అదనముగా నుండి మొత్త మైదగును. విశ్రాంతిస్థితిలో మోటరు తీగలు రెండును రిలేల ద్వారా ఎర్త్‌తో కలిసియుండును. తాళము పడవలసినప్పుడు ఒక తీగకు క్షణకాలము 12 వోల్టులు చేరును, రెండవది ఎర్త్‌గానే నిలుచును. తాళము విడవలసినప్పు డీ క్రమము తారుమారగును. కావున మోటరునకు తలుపు రేకులో వేరుగా ఎర్త్ వెదకుట నిష్ప్రయోజనము.

ఈ ఒక్క సంగతిని మనస్సున నిలుపుకొన్నవానికి, తలుపు విప్పకయే సగము నిర్ణయము సిద్ధించును. ఒక్క తలుపు మాత్రమే పడకయు విడకయు నున్నచో లోపము ఆ తలుపు తీగలలోనో, మోటరులోనో కలదు. అన్ని తలుపులును పడుచు, విడుటలో మాత్రము మొరాయించుచో మోటర్లను నిందింపరాదు. అది రిలే కాంటాక్టు దోషమో, ఆజ్ఞను గొనిపోవు తీగ దోషమో యగును. రిమోటునకు పలికి, డ్రైవరు తాళపుచెవికి పలుకకున్నచో పైని జెప్పిన మూడు అదనపు తీగలను చూడవలెను. తాళములు వాటంతట నవియే పడుచు విడుచు నుండుటయు తరచుగా అక్కడి దోషమే. ఫ్యూజు పదేపదే పోవుచున్నచో, ఎక్కడనో తీగ తొడుగు ఒరసి రేకును తాకుచున్నదని గ్రహింపవలెనే గాని, అంతకంటె పెద్ద ఫ్యూజు వేయుట అగ్నిని ఆహ్వానించుటయే.

తీగ సాధారణముగా తెగు తావు తలుపు కీళ్ల నడుమ నున్న రబ్బరు గొట్టము. తలుపు తెరచి మూసిన ప్రతిసారియు తీగ అక్కడనే వంగును. లోని రాగిపోగులు ఒక్కొక్కటిగా విరిగిపోవుచుండగా పైతొడుగు చెక్కుచెదరక నిలిచి కంటిని మోసగించును. ఇంతకంటె పెద్ద మోసము మల్టీమీటరు చేయును. విరిగిన చోట 5 ఓముల నిరోధమును, కదలబోవు మోటరులో 3 ఓముల నిరోధమును ఉన్నవనుకొందము. మీటరు గ్రహించు ప్రవాహము లెక్కింపదగనంత స్వల్పము గనుక అది నిండుగా 12 వోల్టులు చూపును. అదే తీగకు మోటరు తగిలించినచో దానికి చేరునది 4.5 వోల్టులు మాత్రమే. మీటరును మాత్రమే నమ్మి మంచి మోటరును తీసివేసి క్రొత్తది కొనిపించుట యజమానికి జరుగు అన్యాయము. అందుచే మోటరు కప్లరు నూడదీసి, ఆ రెండు పిన్నుల నడుమ 21 వాట్ల ఇండికేటరు బల్బును తగిలించి, ఒకరు రిమోటు నొక్కుచుండగా మరియొకరు చూడవలెను. సుమారు 1.75 ఆంపియర్లు కోరు ఆ బల్బు రెండు దిశలయందును క్షణకాలము నిండుగా వెలిగినచో తీగ మంచిది, మోటరే చెడినది. మసకగా వెలిగినను, తలుపును మెల్లగా కదలించునప్పుడు వెలుగు మారినను, దోషము తీగయందే.

తెగిన చోటనే కొనలు మెలివేసి టేపు చుట్టుట ఎల్లెడల కనిపించు పద్ధతి, అది నిలువదు. సోల్డరింగు చేసిన భాగము బిరుసెక్కును గనుక వంపులో అతుకు ఉండనేరాదు. గొట్టములోని తునకను పూర్తిగా తొలగించి, సన్నని పోగులు పెక్కు గల మెత్తని తీగను వేసి, అతుకులను ఒకటి తలుపులోపల, ఒకటి కారు బాడీలోపల పడునట్లు చేసి, స్లీవు తొడుగవలెను. డోర్ ప్యాడు వెనుకనుండు ప్లాస్టిక్ తెరను చించి పారవేయక మరల అంటించుట అత్యావశ్యకము. లోపలి తడిని అడ్డునది అదియే. విద్యుత్తు లేనప్పుడును లోపలి మీట చేతికి సులువుగా కదలుచున్నదో లేదో ప్రతి తలుపున విడివిడిగా పరీక్షింపవలెను, ఏలయన ఎండలో నిలిపిన కారులో ఎవరైనను చిక్కువడినప్పుడు ఆ మీటయే శరణ్యము.

బాడీ కంట్రోల్ మాడ్యూలు గల నూతన వాహనములలో తాళపు స్విచ్చి తీగ మోటరును సూటిగా నడపదు, మాడ్యూలునకు ఆజ్ఞ మాత్రమే చేర్చును; అట్టివాటికి టెస్ట్ ల్యాంపు తగిలించుట మాడ్యూలునకు హానికరము కావచ్చును గనుక, ముందు స్కానరుతో దోషసంఖ్యను చదువవలెను. పసుపురంగు కప్లర్లు సాధారణముగా ఎయిర్‌బ్యాగులకు సంబంధించినవి. బ్యాటరీ తీగ విప్పి కొన్ని నిమిషములు గడువక మునుపు వాటి చెంతకు చేయి పోనీయరాదు; వాటికి బల్బు గాని మీటరు గాని ఎన్నడును తగిలింపరాదు.