ఏడాది మొక్క, ఏళ్ల మొక్క: యానాదుల ఇంటి దొడ్డి చరిత్ర

తిరుపతి ప్రాంత చరిత్ర చదివితే తోటల గురించి చాలానే దొరుకుతుంది. తిరుమల గుడి శాసనాల్లో నందనవనాలకు ఇచ్చిన దానాలు ఉన్నాయి. స్వామి పూలతోటను పెంచిన అనంతాళ్వారు పేరును జనం ఇప్పటికీ తలుచుకుంటారు. అదే కొండల కింద, అదే తీరంలో తరతరాలుగా బతికిన యానాదుల గుడిసె పక్కన ఏ మొక్క ఉండేదో మాత్రం ఏ శాసనమూ చెప్పదు. రాసిపెట్టే వాళ్లకు అది తోటగా కనిపించలేదు. అందుకే ఈ వ్యాసంలో మన ఇంటి దొడ్డినే ఒక చరిత్ర పత్రంగా చదవాలని ప్రయత్నిస్తున్నాం.

దొడ్డిలో రెండు రకాల మొక్కలుంటాయి. తోటకూర, గోంగూర, బెండ ఏడాది మొక్కలు. విత్తనం చల్లితే ఒక కారులో తినేసి లేచిపోవచ్చు. మునగ, కరివేపాకు, చింత, సీతాఫలం ఏళ్ల మొక్కలు. వీటిని నాటాలంటే రేపు, ఎల్లుండి, పదేళ్ల తర్వాత కూడా ఇక్కడే ఉంటామన్న ధైర్యం కావాలి. ఆ ధైర్యం మన పెద్దలకు ఎప్పుడు ఉంది, ఎప్పుడు పోయింది, మళ్లీ ఎలా వస్తుంది అన్నదే ఈ దొడ్డి చరిత్ర.

అడవే దొడ్డిగా ఉన్న కాలం

శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడే వరకూ నెల్లూరు జిల్లాలో ఉండేది. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ ఉన్న ఈ ఇసుక దీవిలోని అడవి యానాదుల ఇల్లు. 1835లో ప్రభుత్వం ఈ దీవి నిర్వహణను తన చేతిలోకి తీసుకుంది. అప్పటినుంచి అడవి సరుకు ప్రభుత్వానిదైంది, దాన్ని సేకరించే చేతులు మాత్రం మనవే. 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ ఏడు సంపుటాల గ్రంథంలో యానాదుల మీద ఒక అధ్యాయం ఉంది. అడవి నుంచి యానాదులు తెచ్చే చిరివేరు, బెత్తం, ముష్టి గింజలు, చింతపండు, తేనె వంటి సరుకుల వివరాలు అందులో కనిపిస్తాయి.

ఆ సరుకుల్లో చిరివేరును కొంచెం ఆగి చూడాలి. ఇసుక నేలల్లో నేలను అంటుకుని పెరిగే చిన్న మొక్క అది. దాని వేరు నుంచి వచ్చే ఎరుపే ఒకప్పుడు కోరమాండల్ తీరపు అద్దకం బట్టలకు పేరు తెచ్చింది. సముద్రాలు దాటి అమ్ముడైన ఆ బట్టల ఎరుపులో వేరు తవ్విన మన అవ్వాతాతల కష్టం కూడా ఉంది. బట్ట చరిత్రలో వర్తకుల పేర్లున్నాయి, వేరు తవ్విన వాళ్ల పేర్లు లేవు.

శేషాచలం వైపు వస్తే మారేడు గడ్డల కథ ఉంది. వీటినే నన్నారి కొమ్ములు అని కూడా అంటారు. రాయలసీమ ఎండల్లో అందరూ తాగే నన్నారి షర్బత్‌కు, ఊరగాయకు ఈ గడ్డలే ఆధారం. ఇది రాళ్ల సందుల్లో ఏళ్ల తరబడి బతికే తీగ. తీగను మొత్తం పెకలిస్తే ఆ చోట మళ్లీ గడ్డ ఉండదు. కొన్ని వేళ్లు తీసుకుని, కొన్ని వదిలి, మన్ను కప్పితే తీగ మళ్లీ ఊరుతుంది. అడవి గడ్డలు తవ్వి బతికిన వాళ్లకు ఇది తెలిసిన పనే. నాటకుండానే పెంచే ఈ పద్ధతిని సేద్యం అని ఎవరూ రాయలేదు. బయటి బేరగాళ్లు బరువుకు డబ్బిచ్చి కొనడం మొదలయ్యాక, వదిలిపెట్టే వేళ్లు తగ్గాయి. ఇప్పుడు ఆ తీగ కోసం చాలా దూరం నడవాల్సి వస్తోంది.

1882 మద్రాసు అటవీ చట్టంతో కొండలు రిజర్వు అడవులయ్యాయి. గడ్డ తవ్వడం, కట్టె తేవడం, మేకలు తోలుకెళ్లడం అన్నిటికీ అనుమతి కావాలన్నారు. ఏ కంచే లేని మన దొడ్డికి ఒక్కసారిగా కంచె పడింది, మనం బయట ఉండిపోయాం.

గట్టి మొక్కలన్నీ మంచి మొక్కలేనా?

ఎండకు, కరువుకు తట్టుకునే మొక్క అనగానే అది మన నేలదే అనుకుంటాం. చరిత్ర అలా చెప్పదు. సీతాఫలం, జామ, బొప్పాయి, జీడిమామిడి అన్నీ అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కి వచ్చినవే. సీతాఫలం రాయలసీమ గుట్టల్లో ఎంతగా కలిసిపోయిందంటే, అది బయటిదంటే ఎవరూ నమ్మరు. చింత కూడా ఆఫ్రికా నుంచి వచ్చిందే. ఇవన్నీ మనకు మేలు చేసిన చుట్టాలు.

అందరూ అలాంటి చుట్టాలు కాదు. నాగజెముడు కూడా అమెరికా నుంచే వచ్చింది. పొలాలకు కంచెగా పనికొస్తుందని పెంచితే, బీళ్లన్నీ ఆక్రమించింది. చివరికి 1926లో సింహళం నుంచి ఒక పురుగును తెచ్చి మద్రాసు రాష్ట్రంలో వదిలితే తప్ప అదుపులోకి రాలేదు. సర్కారు తుమ్మ కథ మనకు ఇంకా దగ్గరిది. అటవీ అధికారి కర్నల్ బెడ్డోమ్ దీని విత్తనాలు తెప్పించాలని 1876లో మద్రాసు ప్రభుత్వానికి రాశాడు. మన దేశంలో దీన్ని మొదట నాటిన చోట్లలో కడప జిల్లా కమలాపురం ఒకటి. కట్టెల కోసం తెచ్చిన చెట్టు ఇప్పుడు చెరువుల్లో, వాగుల్లో, బీళ్లలో నిండిపోయింది. శేషాచలం కొండల్లో తప్ప దాదాపు ఇంకెక్కడా దొరకని పేరిత మొక్కకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరులోనూ ఇదే బెడ్డోమ్ ఉన్నాడు. ఒకే మనిషి పేరు, ఒకవైపు అరుదైపోతున్న మొక్క మీద, మరోవైపు ఆగకుండా పాకే మొక్క వెనక.

దీన్నుంచి తేలేది ఒకటే. నీళ్లు లేకున్నా బతుకుతుంది అన్నది సగం గుణమే. పక్క మొక్కను బతకనిస్తుందా, మనిషికి, మేకకు, నేలకు ఏమిస్తుంది అన్నది మిగతా సగం.

ఊళ్లు మారినప్పుడు చెట్లు వెంట రావు

1969లో రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోటను ఎంచుకున్నారు. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. ఆ రోజును దేశం గుర్తు పెట్టుకుంది, పెట్టుకోవాల్సిందే. ఆ కేంద్రం కోసం దీవి వదిలిన యానాది కుటుంబాలనూ మనం గుర్తు పెట్టుకోవాలి. గుడిసె వెదురును, కుండను, వలను మోసుకెళ్లవచ్చు. కాపు కాసే చింతను, తేనె పట్టు పట్టే చెట్టును మోసుకెళ్లలేరు. నష్టపరిహారం లెక్కలో ఇల్లుంటుంది, పొలం ఉంటుంది. పట్టా లేని అడవి చెట్టుకు లెక్క ఉండదు.

చిత్తూరు వైపు మన వాళ్లలో చాలామంది మామిడి తోటలకు కావలి ఉన్నారు. ఇది తోతాపురి మామిడికి పేరున్న సీమ. తోటలో చెట్లన్నీ ఏళ్ల చెట్లే, కావలి మనిషి మాత్రం ఏడాది మొక్క. ఆసామి పొమ్మంటే పోవాలి. తీసుకున్న బయానా తీరలేదంటే పోవడానికీ వీల్లేదు. వెట్టిచాకిరీని 1976 చట్టం రద్దు చేసింది. ఆ తర్వాత కూడా అప్పు కింద తోటల్లో చిక్కుకున్న కుటుంబాలున్నాయి. వేల చెట్లను కాపాడిన మనిషి తన గుడిసె ముందర ఒక మునగ కొమ్మ నాటుకోవడానికి సందేహించాడంటే, అది సోమరితనం కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. "యానాదులకు మొక్కలు పెంచడం రాదు" అనే వాళ్లకు మన జవాబు ఇదే.

1962లో వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల మీద పుస్తకం వెలువరించారు. మన మధ్య ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి ఆయన. మన దొడ్డి గురించి రాయాల్సింది మాత్రం ఇంకా మనకే మిగిలి ఉంది.

కాలనీ ఇంట్లో ఏం నాటుదాం?

ఇప్పుడు కొందరికి రెండు మూడు సెంట్ల స్థలం, ఒక గది ఇల్లు వచ్చాయి. నేల గరుసు, బోరింగు దూరం, మేకలు దగ్గర. ఇలాంటి చోటుకు పెద్దలు చెప్పే ఏళ్ల మొక్కలు చాలానే ఉన్నాయి.

మునగ, అవిసె రెండూ తొందరగా ఎదిగి, ఆకు కూర ఇస్తాయి. మునగకు చేతి లావు కొమ్మ చాలు. తీరం దగ్గర తుఫాను గాలికి అది విరుగుతుంది కాబట్టి ఏటా కొట్టి పొట్టిగా ఉంచాలి. స్నానాల నీళ్లు పారే చోట కరివేపాకు, పొన్నగంటి కూర, బచ్చలి పెడితే వేరే నీళ్లు అక్కర్లేదు. దొండ తీగ ఒకసారి పందిరెక్కితే ఏళ్ల పాటు కాస్తుంది. కంచెకు గోరింట, అడ్డసరం, వావిలి బాగుంటాయి. అడ్డసరాన్ని, వావిలిని మేకలు ముట్టవు, దగ్గుకూ ఒళ్లు నొప్పులకూ ఆకు పనికొస్తుంది. సీతాఫలం ఆకునూ మేకలు తినవు. రాళ్ల మూలకు నల్లేరు, కలబంద చాలు. గన్నేరు, అడవి ఆముదం పిల్లలు ఆడే చోట వద్దు, రెండూ విషమే. మారేడు తీగను ఇంట్లో పెంచాలనుకునే వాళ్లు అడవిలో పెకలించకుండా గింజ తెచ్చుకోవాలి. మన వైపు ఈశాన్య రుతుపవనాల వాన కూడా బాగా పడుతుంది కాబట్టి, జూన్‌లో నాటలేకపోతే అక్టోబర్‌లో నాటవచ్చు.

మొక్కతో పాటు కాగితం కూడా చూసుకోవాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద అడవి భూమి అడిగేటప్పుడు, గుడిసెలు, నేలకు చేసిన బాగు, ఊరి పెద్దల వాంగ్మూలం సాక్ష్యాలుగా చెల్లుతాయి. "ఈ చింత మా తాత నాటింది" అని ఒక అవ్వ చెబితే, ఆ చెట్టు మాను ఆమె మాటకు తోడు నిలుస్తుంది. చెరువు కట్ట మీద, కాలువ గట్టు మీద ఉన్న వాళ్లకు ఆ చట్టం వర్తించదు. వాళ్లకు ఇంటి పట్టాయే దారి. పట్టా అడగడం, మునగ నాటడం రెండూ ఒకే పనిలో భాగాలు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈ ఏడాది పిల్లల చేత ఒక నోటుపుస్తకం పెట్టించండి. కాలనీలో ప్రతి ఇంట్లో ఉన్న ఏళ్ల మొక్కలేవి, ఎవరు నాటారు, ఏ ఊరి నుంచి తెచ్చారు, మన వాళ్లు దాన్ని ఏ పేరుతో పిలుస్తారు, అంతకుముందు ఉన్న ఊళ్లో ఏ చెట్టు వదిలి వచ్చారు అని అవ్వాతాతలను అడిగి రాయమనండి. వదిలి వచ్చిన చెట్ల పేర్లు ముందు రాయించండి. అవి చూసిన వాళ్లు ఏటికేడాది తగ్గిపోతున్నారు.