‘అధికార బదలాయింపు’ అంటే...

చేవెళ్ల, మొయినాబాద్: స్థానిక సంస్థల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ‘డివల్యూషన్’ అనే మాట వినిపిస్తుంది. కిందికి దొర్లించడం అనే అర్థమిచ్చే లాటిన్ ధాతువు నుంచి పుట్టిన ఈ పదాన్ని తెలుగులో ‘అధికార బదలాయింపు’ అంటున్నారు. ‘వికేంద్రీకరణ’ అని రాయడమూ పరిపాటే కానీ, అది ఇంతకంటే విస్తృతమైన మాట.

1985లో తాలూకాల స్థానంలో మండలాలు ఏర్పడడంతో రెవెన్యూ కార్యాలయం ప్రజలకు చేరువైంది. అయితే అందులోని అధికారి ప్రభుత్వ ఉద్యోగే కనుక, అది వికేంద్రీకరణే తప్ప బదలాయింపు కాదు. ఎన్నికైన సంస్థకు విధులు, నిధులు, సిబ్బంది మూడూ చట్టబద్ధంగా దఖలు పడినప్పుడే ఆ మాట పూర్తిగా వర్తిస్తుంది.

మన దేశంలో ఈ పదం 1919 భారత ప్రభుత్వ చట్టం కింద రూపొందిన డివల్యూషన్ నిబంధనలతో పాలనా పరిభాషలో స్థిరపడింది. నిజాం ఏలుబడిలో ఉన్న చేవెళ్ల ప్రాంతానికి ఆ నిబంధనలు వర్తించలేదు. బ్రిటన్‌లో 1999లో కొలువుదీరిన స్కాట్లాండ్ పార్లమెంటుకు సంబంధించి ఇదే మాట వాడతారు. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాకూ ఇదే పేరు; 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి దానిని 41 శాతంగా సిఫారసు చేసింది.

1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, 11వ షెడ్యూలులో పంచాయతీల కోసం 29 అంశాలను చేర్చింది. కానీ 243-జి అధికరణం ప్రకారం శాసనసభ వాటిని ‘అప్పగించవచ్చు’. అప్పగించి తీరాలని లేదు. చిక్కంతా ఈ ఒక్క క్రియాపదంలోనే ఉంది. జంట జలాశయాల పరిరక్షణకు 1996లో వెలువడిన 111 జీవో మొయినాబాద్ మండల గ్రామాల్లో భూ వినియోగాన్ని దశాబ్దాలపాటు శాసించింది. దానిని జారీ చేసిందీ, 2022లో ఆంక్షలు సడలిస్తూ ఉత్తర్వులిచ్చిందీ రాష్ట్ర ప్రభుత్వమే.

2025లో చేవెళ్ల, మొయినాబాద్ పురపాలక సంఘాలయ్యాయి. విలీన గ్రామాలకు ఇక 74వ సవరణ, 18 అంశాల 12వ షెడ్యూలు వర్తిస్తాయి. అక్కడా ‘అప్పగించవచ్చు’ అనే ఉంది. సర్పంచి స్థానంలో వార్డు కౌన్సిలర్ వస్తారు. ఊరంతా కూర్చుని లెక్కలడిగే గ్రామసభ మాత్రం ఉండదు. గ్రామీణ ప్రాంతాలకే పరిమితమైన ఉపాధి హామీ పనులూ దూరమవుతాయి.